నాలుగు పుస్తకాలు పోనివ్వండి

టీచరు రిటైరైతే శాలువా కప్పి, దండ వేసి, పాత శిష్యులంతా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. లైబ్రేరియన్ రిటైరైతే ముందు పుస్తకాలు లెక్కపెడతారు. శాలువా మాకూ ఉంటుంది లెండి, లెక్క తేలాక. చార్జి తీసుకునే మనిషి యాక్సెషన్ రిజిస్టరు, అంటే లైబ్రరీకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ నంబరు వేసి ఎక్కించే పుస్తకం, ముందేసుకుని నంబర్లు చదువుతాడు. అటెండరు బీరువాలో వెతికి "ఉంది", "లేదు" అని కేకేస్తాడు. "లేదు" అన్న ప్రతి నంబరు పక్కనా ఎప్పుడో రాసిన ధర ఉంటుంది. పన్నెండు రూపాయలు, ముప్ఫై అయిదు రూపాయలు, ఇట్లా. అవన్నీ కూడి, కింద గీత గీస్తే వచ్చే మొత్తం ఎవరు కట్టాలనేది సర్వీసంతా మాతో పాటు నడిచే టెన్షన్.

సీమలో చిన్న ఊళ్ళ శాఖా గ్రంథాలయాల్లో పనిచేసి, ఇప్పుడు కర్నూల్లో ఇంటి పట్టున ఉంటున్నాను. ఉద్యోగంలో ఉండగా పైకి అనలేని మాట ఒకటి ఇప్పుడు తీరిగ్గా అంటాను. మన పబ్లిక్ లైబ్రరీలు బతకాలంటే ఏటా నాలుగు పుస్తకాలు పోవాలి. పోనివ్వడం తెలిసినవాళ్ళే ఈ శాఖలో పైకి రావాలి. ఒక్క పుస్తకం కూడా పోలేదని గొప్పగా చెప్పుకునే లైబ్రరీని నేను నమ్మను. అక్కడ పుస్తకాలు క్షేమంగా ఉన్నాయంటే, వాటి జోలికి ఎవరూ పోలేదన్నమాట.

లైబ్రరీ గడప తొక్కిన వాళ్ళందరికీ ఈ వరస తెలిసే ఉంటుంది. ముందు గదిలో పేపర్లు, బల్లలు, పొద్దున ఎనిమిదికే వచ్చి కూర్చునే పెద్దాయనలు. లోపలి గదిలో అద్దాల బీరువాలు, వాటికి తాళాలు. అద్దంలోంచి పుస్తకం పేరు కనిపిస్తే కనిపించినట్టు, లేకపోతే లేదు. "ఆ మూడో అరలో ఉండేది ఒకసారి ఇస్తారా సార్" అని అడిగితే, ఆ సార్ తాళాల గుత్తి వెతుక్కుంటూ, మిమ్మల్ని పైనుంచి కిందికి ఒకసారి చూసి లేస్తాడు. జనం దీన్ని బద్ధకం అంటారు. కొందరి విషయంలో బద్ధకమే, దాచేదేముంది. ఎక్కువమంది విషయంలో మాత్రం అది భయం. పుస్తకం బయటికి పోయి పదిమంది చదివినా ఆయన జీతం ఒక్క రూపాయి పెరగదు. అదే పుస్తకం తిరిగి రాకపోతే జేబు లోంచి కట్టాలి. ఇంట్లో పిల్లల ఫీజులు, తల్లి మందులు ఉన్న మనిషి తాళం వేయక ఏం చేస్తాడు? మనం కాపలాదారుకి పెట్టాల్సిన పరీక్ష లైబ్రేరియన్‌కి పెట్టాం. అతను కాపలాదారు అయ్యాడు. ఇందులో ఆశ్చర్యమేముంది?

మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మాస్టారుగా ఉండి 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో అయిదు సూత్రాలు చెప్పాడు. మొదటిది, పుస్తకాలున్నది వాడుకోవడానికే. లైబ్రరీ సైన్సు కోర్సులో మేమంతా బట్టీ పట్టి పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సూత్రమిది. వినడానికి ఎంత మామూలుగా ఉందో చూడండి, ఇదీ ఒక సూత్రమేనా అనిపిస్తుంది. ఒకప్పుడు యూరపులో పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టేసేవాళ్ళు. ఆ గొలుసులు తెంపడానికి వందల ఏళ్ళు పట్టింది. మన దగ్గర గొలుసు కంటికి కనపడదు, రిజిస్టర్లో ధర అని రాసిన గడిలో ఉంటుంది.

సరే, ప్రభుత్వ సొత్తు పోతే అడగరా అంటారు. అడగాలి. కానీ ప్రభుత్వమే దీనికో దారి చూపించింది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ అని ఉన్నాయి. 2017 నాటి రూల్సులో 215వది లైబ్రరీ పుస్తకాల గురించి. ఏడాదిలో ఇష్యూ చేసిన, చదవడానికి తీసిన ప్రతి వెయ్యి పుస్తకాలకూ అయిదు పోతే అది మామూలు నష్టం కింద లెక్క. మోసం, నిర్లక్ష్యం లేకుంటే చాలు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన పుస్తకమో పోతే మాత్రం విచారించి తగిన చర్య తీసుకుంటారు. అంతకు ముందు 2005 రూల్సులోనూ ఇదే మాట ఉంది. 20 వేల లోపు పుస్తకాలుంటే ఏటా మొత్తం లెక్క చూడాలని, 20 నుంచి 50 వేల మధ్య ఉంటే మూడేళ్ళకోసారి చూస్తే చాలని, ఆ పైన శాంపిల్ సరిపోతుందని కూడా అందులోనే ఉంది.

ఆ వెయ్యికి అయిదు అన్న లెక్కని కొంచెం ఆగి చూడండి. బీరువాలో ఉన్న వెయ్యికి కాదు, ఇచ్చిన వెయ్యికి. ఏడాదికి పదివేల పుస్తకాలు చేతులు మారిన లైబ్రరీలో యాభై పోయినా తప్పు పట్టరు. వంద కూడా కదలని లైబ్రరీకి ఒక్క పుస్తకం పోగొట్టుకునే వెసులుబాటు కూడా రాదు. అంటే ఎంత ఎక్కువగా ఇస్తే అంత ధైర్యంగా ఇవ్వొచ్చు. ఈ రూలు రాసినవాళ్ళెవరో గానీ లైబ్రరీ అంటే ఏమిటో తెలిసి రాశారు. చిన్న ఊళ్ళో కౌంటరు వెనక కూర్చున్న మనిషికి ఈ ధైర్యం దక్కాలన్నదే నా గోల. ఢిల్లీలో ఆఫీసు లైబ్రరీకి వర్తించే ఇంగితం కోసిగి పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మాయమవ్వాలి?

కోసిగి పేరు ఊరికే తేలేదు. కర్నూలు జిల్లా పడమటి పల్లెలు తెలిసినవాళ్ళకి సుగ్గి అంటే చెప్పాల్సిన పని లేదు. తెలియని వాళ్ళకోసం చెప్తాను. వానాకాలం పంట అయిపోగానే కోసిగి, కౌతాళం, హొళగుంద, పెద్దకడుబూరు వైపు ఊళ్ళకు ఊళ్ళు మూటాముల్లె కట్టుకుని గుంటూరు, పల్నాడు దిక్కు మిరపకోతలకూ పత్తితీతలకూ పోతాయి. ముసలివాళ్ళు ఇంటికి కాపలా. పిల్లలు తల్లిదండ్రులతో పాటే లారీల్లో. మళ్ళీ ఊరు మొహం చూసేది ఉగాదికే. బడిలో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. ఇట్లాంటి పిల్లల కోసమే సీజనల్ హాస్టళ్ళు పెడుతుంటారు. అందరూ వాటిల్లో ఉండరు. చంటిబిడ్డను ఎత్తుకోవడానికో, గుడారం కాడ వంటకో పెద్దపిల్ల కావాలి కదా.

ఆ వైపు ఊళ్ళో పనిచేస్తున్నప్పుడు ఒక సాయంత్రం ఏడో తరగతి పిల్ల కౌంటరు దగ్గరికి వచ్చి నిలబడింది. మా లైబ్రరీలో కథల పుస్తకాలు దాదాపు ఖాళీ చేసిన పిల్ల.

"మేడమ్, ఉగాది దాకా బుక్కులిస్తారా?"

పదిహేను రోజుల గడువు కదమ్మా అన్నాను. అది అలవాటుగా నోట్లోంచి వచ్చే మాట. ఆ పిల్ల ఏమీ మాట్లాడలేదు, గుమ్మం వైపు చూసింది. బయట మెట్ల మీద వాళ్ళమ్మ, పక్కన గోనెసంచి మూట.

"ఏం చేసేది మేడమ్, ఈ పొద్దు రాత్రికి లారీ ఎక్కల్ల. ఇది బుక్కులు లేనిది రానంటాంది. చినిగితే దుడ్లు మేమే కడతాంలే" అందామె.

నా పేరు మీద మూడు పుస్తకాలు ఇష్యూ రాసుకుని ఆ పిల్ల చేతికిచ్చాను. ఉగాది వెళ్ళాక ఒక పొద్దున రెండు తెచ్చింది. అంచులు ఎర్రగా ఉన్నాయి. అటెండరు వాటిని దులిపి బీరువాలో పెడుతూ ఆగకుండా తుమ్మాడు, మిరప్పొడి ఘాటుకి. మూడోదేదీ అంటే, "గుడారాల కాడ ఇంగొక పాప సగం చదివింది మేడమ్. వాళ్ళు ముందే ఎల్లిపోయినారు. ఇచ్చేసినా" అంది. ఏ ఊరి పాపో ఈ పిల్లకీ తెలియదు.

ఆ పుస్తకం ధర నేనే కట్టాను. పెద్ద మొత్తమేమీ కాదు, చెప్పుకునేంత త్యాగమూ కాదు. కానీ మరుసటి ఏడు దీపావళి నాటికి ఇంకొంతమంది పిల్లలు అదే మాట అడుగుతూ వచ్చారు. అందరికీ నా పేరు మీద ఇవ్వగలనా? లైబ్రేరియన్ మంచిదైతే పుస్తకం దొరకడం, బదిలీ అయిపోతే దొరక్కపోవడం, ఇది ఏం పద్ధతి? పదిహేను రోజుల గడువు అనేది నిలకడగా ఒకే ఊళ్ళో బతికే వాళ్ళని చూసి పెట్టింది. ఏడాదిలో నాలుగైదు నెలలు ఊరు వదిలిపోయే జనం మధ్య లైబ్రరీ పెట్టి, అదే గడువు అక్కడా నడిపితే, తలుపు తెరిచి ఉన్నట్టే ఉంటుంది, లోపలికి రావడానికి మాత్రం వీలుండదు.

గ్రంథాలయోద్యమం అనగానే మనకు కోస్తా పేర్లే గుర్తొస్తాయి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో పుట్టిన ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం, దాని వెనకున్న అయ్యంకి వెంకటరమణయ్య, 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం. అన్నీ నిజమే. అయితే ఆ ఉద్యమానికి పెద్ద దిక్కుగా నిలిచినవాళ్ళలో ఒకాయన మన కర్నూల్లో పుట్టినవాడే. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, 1883. రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీలో వందేమాతరం గొడవలో బయటికి గెంటించుకుని, స్వరాజ్య పత్రిక నడిపి 1908లో జైలుకెళ్ళి, ఆ తర్వాత జీవితంలో ఎక్కువ భాగం వయోజన విద్యకీ గ్రంథాలయాలకీ పెట్టాడు. విజయవాడలో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం కట్టించిన సర్వోత్తమ భవనం పేరు ఈయనదే. కర్నూలు కుర్రాళ్ళను ఆపి గాడిచర్ల ఎవరని అడిగి చూడండి, నూటికి తొంభై మంది కొండారెడ్డి బురుజు వైపు చూస్తారు.

ఆ తరం వాళ్ళ నుంచి నేను తీసుకునేది ఒక్కటే. పుస్తకం దగ్గరికి మనిషి రావాలని వాళ్ళు కూర్చోలేదు. 1931లో తమిళనాట మన్నార్‌గుడి దగ్గర ఎద్దుల బండి మీద లైబ్రరీ తిరిగింది. ఆ దశాబ్దంలోనే పాతూరి వారు కృష్ణా కాలువ మీద పడవ ప్రయాణికులకు పుస్తకాలు అందేట్టు చేశారు. పడవలో పెట్టిన పుస్తకం తడవదా? నీళ్ళలో పడదా? దిగేటప్పుడు ఎవరూ సంచిలో వేసుకుని పోరా? ఇవన్నీ తెలియని అమాయకులు కారు వాళ్ళు. తెలిసే పెట్టారు.

అట్లాగని ఆ రోజులే బంగారం, ఉద్యోగులొచ్చి చెడగొట్టారు అనే పాట నేను పాడను. స్వచ్ఛందంగా నడిచిన లైబ్రరీల్లో చాలా భాగం ఆ నడిపిన మనిషి కన్ను మూయగానే మూతపడ్డాయి. జీతం, భవనం, పేపర్ల బిల్లు, ఇవి చట్టం వల్లే వచ్చాయి. స్వతంత్రం వచ్చాక దేశంలో మొదటి గ్రంథాలయ చట్టం 1948లో మద్రాసు రాష్ట్రంలో వచ్చింది. కర్నూలు, కడప, అనంతపురం అప్పుడు మద్రాసు కిందే కాబట్టి మనమూ దాని నీడన పెరిగినవాళ్ళమే. తెలంగాణ దిక్కున హైదరాబాదు చట్టం 1955లో వచ్చింది. రెండూ కలిపి ఆంధ్రప్రదేశ్ చట్టం 1960లో చేశారు. గాడిచర్ల పోయింది కూడా 1960లోనే, ఫిబ్రవరి 29న.

ఆ చట్టంలో అన్నిటికంటే గొప్పది గ్రంథాలయ పన్ను. ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు అదనంగా వసూలవుతాయి. మీ ఇంటి పన్ను రెండు వేలైతే దాని మీద 160 రూపాయలు లైబ్రరీ కోసం మీరు కడుతున్నట్టు. చాలామందికి ఈ సంగతే తెలియదు. లైబ్రరీకి వచ్చి "ఏదో గవర్నమెంటోళ్ళు పెట్టినారు" అనుకుంటారు, అది తమ డబ్బని అనుకోరు. మునిసిపాలిటీలు, పంచాయతీలు ఈ పన్ను వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైతే అవుతుంది, జమ మాత్రం ఎప్పటికో. రాష్ట్రంలో ఎక్కడ చూసినా ఈ బకాయిల ఏడుపే, కోట్లలో. ఇప్పుడు చెప్పండి. జనం లైబ్రరీ కోసమని కట్టిన కోట్లు ఇంకో ఖాతాలో నిలిచిపోతే ఎవరి జీతంలోంచీ పైసా కోయరు. ముప్ఫై అయిదు రూపాయల నవల ఒకటి తిరిగి రాకపోతే గ్రేడ్-3 లైబ్రేరియన్ జవాబు చెప్పుకోవాలి.

లైబ్రరీ నాయకత్వం అనే మాట సభల్లో తెగ వినిపిస్తుంది, ముఖ్యంగా నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాల వారంలో. జ్యోతి వెలిగిస్తారు, వ్యాసరచన పోటీలు పెడతారు, మొబైల్ ఫోన్లు వచ్చి పఠనాసక్తి తగ్గిపోయిందని ప్రతి వక్తా చెప్తాడు, మధ్యలో ఫోను మోగితే ఎత్తుతాడు. జిల్లా గ్రంథాలయ సంస్థకి చైర్మన్‌ని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది, ప్రభుత్వం మారితే ఆయనా మారతాడు. వాళ్ళలో మనసుపెట్టి పనిచేసినవాళ్ళూ ఉంటారు. కానీ నాయకత్వమంటే ఆ కుర్చీ మాత్రమే అనుకుంటే, రోజూ జనం మొహం చూసే మనిషిని లెక్కలోంచి తీసేసినట్టే.

మా పనిలో నాయకత్వం ఎట్లా ఉంటుందో చెప్తాను. పేపర్లో ఉద్యోగ ప్రకటన పడిన రోజు మధ్యాహ్నానికి ఆ ముక్క బ్లేడుతో కోసుకుపోయి ఉంటుంది. వెనక పేజీలో ఉన్న వార్త కూడా దాంతో పాటు పోతుంది, పెద్దాయనలు గోల పెడతారు. "పేపర్లు చించరాదు" అని బోర్డు రాయడం ఒక పద్ధతి. ఆ ప్రకటనను పొద్దున్నే జిరాక్స్ తీయించి బోర్డుకి అంటించడం, అడిగిన వాళ్ళకో కాపీ ఇవ్వడం ఇంకో పద్ధతి. రెండోది మొదలుపెట్టాక బ్లేడు పని బాగా తగ్గింది. కాకపోతే ఆ జిరాక్సు ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ఏ ఫారంలోనూ లేదు, నా పర్సులోంచే పోయేది.

గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లల మీద మా వాళ్ళలోనే ఒక చిరాకు ఉంది. వాళ్ళు మన పుస్తకాలు ముట్టరు, సొంత గైడ్లు తెచ్చుకుంటారు, కుర్చీ, ఫ్యాను, నీళ్ళు మాత్రం మనవి వాడతారు, ఇది లైబ్రరీనా స్టడీ హాలా అని. నాకు ఈ వాదన మొదటి నుంచీ నచ్చదు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లోంచి వచ్చిన పిల్లాడికి కుర్చీయే పుస్తకంతో సమానం. వాడు ఆరు నెలలు ఆ కుర్చీలో కూర్చుంటే, ఏదో ఒక రోజు విసుగు పుట్టి లోపలి గదిలోకి వస్తాడు. అప్పుడు బీరువా తెరిచి ఉండాలి. మళ్ళీ తాళం దగ్గరికే వచ్చాను, చూడండి.

నేను పెట్టుకున్న ఇంకో అలవాటు, లేదన్న పుస్తకాల నోట్సు. ఎవరైనా ఒక పుస్తకం అడిగి, మన దగ్గర లేకపోతే, ఆ పేరు, అడిగిన వాళ్ళ వయసు, ఊరు ఒక వంద పేజీల నోట్‌బుక్కులో రాసుకునేదాన్ని. పుస్తకాల ఎంపిక ఎక్కడో పైన జరుగుతుంది, కట్టలు కట్టలుగా వచ్చి పడతాయి, అందులో మా ఊరి వాళ్ళు అడిగినవి ఎన్నో చెప్పక్కర్లేదు. ఆ నోట్సు తిరగేస్తే ఊరు కనపడేది. బోరు మోటార్ల రిపేరు, టైలరింగ్ కటింగు, మేకల జబ్బులు, చిన్నపిల్లలకు బొమ్మలున్న పుస్తకాలు. ఆదోని దిక్కు అయితే ఉర్దూ, కన్నడం అడిగేవాళ్ళు తక్కువేమీ కాదు. పుస్తకాలకు విషయం వారీగా నంబర్లిచ్చి అరల్లో సర్దే డ్యూయీ పద్ధతిలో ఉర్దూ సాహిత్యం నంబరు 891.439, కన్నడం 894.814, తెలుగు 894.827. అరల్లో మూడూ ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ఆదోని బజారులో వినపడినట్టే. మొదటి రెండు నంబర్ల దగ్గర అర ఖాళీగా ఉండేది. ప్రతి పాఠకుడికీ తన పుస్తకం అన్నది రంగనాథన్ రెండో సూత్రం. ఉర్దూలో తప్ప చదవడం రాని అత్తర్ల వ్యాపారి రోజూ వచ్చి, పేపరు లేదని తెలిసీ ఒకసారి అడిగి పోయేవాడు. ఆయనకి ఈ సూత్రం ఏ మొహంతో చెప్పేది?

ఆడవాళ్ళ సంగతి వేరే. రీడింగ్ రూంలో మగవాళ్ళు నిండి ఉంటారు, ఆడవాళ్ళు లోపలికి రారు. అందుకని పిల్లల్ని పంపుతారు. "అమ్మ నిన్నటి దాని రెండో భాగం తెమ్మనింది" అని మూడో తరగతి పిల్లాడు నవల చేతిలో పట్టుకుని నిలబడతాడు. కార్డు వాడిది, చదివేది వాళ్ళమ్మ. ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు, ఆమెకు ఏ రచయిత్రి ఇష్టమో మాత్రం తెలుసు. శాఖా గ్రంథాలయాలకి శుక్రవారం సెలవు, ఆదివారం తెరిచి ఉంటుంది. బడి లేని రోజు లైబ్రరీ ఉండాలని ఎవరికి తట్టిందో గానీ వాళ్ళకు దండం పెట్టాలి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. పోనివ్వండి అంటే దొంగలకి గేట్లెత్తినట్టు కాదా? ముందుగా చెప్పాల్సింది, అన్ని లైబ్రరీలూ ఒకటి కావు. కడపలో ఒకప్పుడు సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి ప్రతులు రాయించిన బంగళా ఉన్న చోట, అధ్యాపకుడు జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరూరా చందాలు అడిగి గ్రంథాలయం నిలబెట్టాడు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద ఉంది. అక్కడ తాళపత్రాలున్నాయి. అందులో ఒక్క ఆకు కూడా పోకూడదు. పోతే మళ్ళీ రాదు. అక్కడ తాళం వేయాల్సిందే, నేనే వేస్తాను. కానీ విజయవాడలో ఫోను చేస్తే మూడో రోజుకి ఇంకో కాపీ వచ్చే నవలకీ, తాళపత్రానికీ ఒకటే భయం ఎందుకు? బ్రౌన్ ఉన్న కడపలోనైనా, నేను పనిచేసిన పల్లెలోనైనా పబ్లిక్ లైబ్రరీ పుస్తకం నలిగి చిరిగి పోవడానికే పుట్టింది. పదేళ్ళ తర్వాత కూడా కొత్తగా ఉంటే దానికి ఏదో లోటు జరిగినట్టు.

ఇక దొంగలంటారా. పుస్తకాలు పోగొట్టేది కూలోళ్ళ పిల్లలని అందరూ అనుకుంటారు. నా అనుభవంలో వాళ్ళు చినిగిన అట్టకి అన్నం మెతుకులతో కాగితం అంటించి తెచ్చిస్తారు. తిరిగి రానివి పెద్దమనుషుల ఇళ్ళల్లో ఉంటాయి. కార్డు అడిగితే అవమానంగా అనుకుని, "నేను ఫలానా, నాలుగు రోజుల్లో పంపిస్తా" అని తీసుకెళ్ళి, ట్రాన్స్‌ఫర్ వచ్చి సామాను సర్దుకుని పోయిన వాళ్ళు. ఆ సామానులో ఎన్ని లైబ్రరీ ముద్రలున్నాయో. ప్రతి పుస్తకంలోనూ పేరున్న పేజీ మీదే కాకుండా లోపల ఒక రహస్య పేజీ మీద కూడా మేము ముద్ర వేస్తాం, పేరున్న పేజీ చింపేసినా గుర్తుపట్టడానికి. ఆ ఏర్పాటు కూలి పిల్లల కోసం చేసింది కాదని నా గట్టి నమ్మకం.

గైడ్లు, ఖరీదైన డిక్షనరీలు ఎక్కువ పోతాయన్నది నిజం. వాటిని అక్కడే చదువుకునే రిఫరెన్సులో పెట్టొచ్చు, ఎవరూ వద్దనరు. అమెరికాలో చికాగో నగర లైబ్రరీ 2019లో, న్యూయార్క్ 2021లో ఆలస్య రుసుము ఎత్తేశాయి. ఎత్తేశాక చికాగోలో తిరిగొచ్చే పుస్తకాలు పెరిగాయి. మన జరిమానాలు పైసల్లో, రూపాయల్లో ఉంటాయి, వాటితో ఎవరూ కుదేలవరు. మన దగ్గర పని చేసేది సిగ్గు. గడువు దాటిన పుస్తకం చేతిలో పెట్టుకుని పిల్లాడు లైబ్రరీ వీధిలోంచి పోవడమే మానేస్తాడు. పుస్తకం ఒకటి పోతే మళ్ళీ కొనొచ్చు. పిల్లాడు పోతే ఆ నష్టం ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు.

నెలనెలా మేము పంపే నివేదికలో ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇచ్చారు అన్న గడులుంటాయి. వాటిని నింపడం ఎట్లాగో అందరికీ తెలుసు, అడిగేవాడు లేకపోతే అంకెలకేం, రాసుకోవచ్చు. పోయిన పుస్తకాల లెక్క మాత్రం ఎవరూ ఊహించి రాయరు, అది నిజం. అందుకే ఆ లెక్కనే తిరగేసి చదవమంటాను. ఏళ్ళ తరబడి సున్నా వస్తున్న లైబ్రరీకి ముందు ఇన్‌స్పెక్షన్ పంపండి.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసి, "మేడమ్, సుగ్గికి పోయే పిల్లలకి మీరెట్ల ఇస్తుంటిరి?" అని అడిగింది. నా పేరు మీద ఇచ్చేదాన్నని చెప్పడానికి నోరు రాలేదు. అప్పుడే సర్వీసులోకి వచ్చిన పిల్లని అందులోకి దించడమెందుకు? ఆమెకు కావాల్సింది నా చిట్కా కాదు, ఒక కాగితం. దీపావళికి మూడు పుస్తకాలు ఇచ్చి ఉగాది దాటిన నెలకు అడిగే ఒక సుగ్గి కార్డు. ఒక పిల్ల కోసిగిలో తీసుకున్నది గుంటూరు వైపు ఏ లైబ్రరీలో ఇచ్చినా తీసుకునే వీలు. ఇచ్చిన వెయ్యికి అయిదు పోతే అడగబోమన్న మాట. దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు. అందులో పుస్తకం తిరిగి రాకపోతే ఎవరు కట్టాలి అన్న చోట లైబ్రేరియన్ పేరు లేకుండా చూడండి, మిగతాది మావాళ్ళు చూసుకుంటారు.